మామిడి సీజన్‌లో మా బ్రాంచి: ఖాతాలో డబ్బుంది, కౌంటర్లో నోట్లు లేవు

చిత్తూరులో పదకొండేళ్లుగా నా ఖాతా ఉన్న బ్రాంచి గురించి ఇది, పేరు రాయడం లేదు. జూన్‌లో తోతాపురి కోతలప్పుడు కూలీలకు, లారీ బాడుగకు 3 లక్షలు కావాలని పదిన్నరకే టోకెన్ తీసుకుని కూర్చుంటే, పన్నెండు దాటాక "80 వేలే ఇవ్వగలం సార్, మిగతాది రేపు" అన్నాడు క్యాషియర్. నమ్మరేమోనని డ్రాయర్ లాగి చూపించాడు. అన్నీ 10, 20 రూపాయల కట్టలే, 500 నోట్లు అడుగున పలచగా ఉన్నాయి. సాయంత్రం తోటలో ఇరవై మంది కూలి కోసం నిలబడతారు, వాళ్లకేం చెప్పాలి? చాలా టెన్షన్ పడ్డాను. పక్కనున్న పెద్దాయనైతే బ్యాంకు మునుగుతోందేమో, ఎఫ్‌డీ కూడా తీసేస్తానని లేచాడు.

మేనేజర్ మేడం మా ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి చెప్పిన తీరు మాత్రం బాగుంది. బ్రాంచిలో ఎంత నగదు ఉంచుకోవచ్చో పరిమితి ఉంటుందట, మించింది కరెన్సీ చెస్ట్‌కు (రిజర్వ్ బ్యాంక్ తరఫున నోట్లు నిల్వ ఉంచే చోటుకు) పంపేయాలి, సీజన్‌లో మండీల వాళ్లు, ఫ్యాక్టరీలకు కాయ తోలే రైతులు ఒక్కసారిగా తీస్తే ఇక్కడ ఖాళీ అవుతుంది. ఒక బ్రాంచిలో కాదు, బ్యాంకు మొత్తానికే డబ్బు ఆడకపోవడం వేరే సంగతి. జూన్ 15కి కంపెనీలు కట్టే అడ్వాన్స్ ట్యాక్స్ (ముందుగానే వాయిదాల్లో కట్టే ఆదాయపు పన్ను) బ్యాంకుల్లోంచి ప్రభుత్వ ఖాతాకు పోతుంది, జనం నోట్లు ఇంట్లోనే పెట్టుకున్నా, డిపాజిట్లకన్నా బ్యాంకు ఇచ్చే అప్పులు వేగంగా పెరిగినా అదే ఇబ్బంది. అందుకే డిపాజిట్లలో కొంత రిజర్వ్ బ్యాంక్ దగ్గర నగదుగా ఉంచాలి, అదే సీఆర్ఆర్ (2025 చివరికి 4 నుంచి 3 శాతానికి తగ్గింది). ఇంకో 18 శాతం ప్రభుత్వ బాండ్ల వంటివాటిలో ఉండాలి, అవసరమైతే ఆ బాండ్లు పెట్టి రిజర్వ్ బ్యాంక్ దగ్గరే అప్పు తెచ్చుకోవచ్చు. ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లన్నిటికీ, వడ్డీతో కలిపి 5 లక్షల వరకు బీమా ఉందని కూడా చెప్పాక పెద్దాయన ఎఫ్‌డీ మాట ఎత్తలేదు.

ఇదంతా సరే, మామిడి ఏటా జూన్‌లో వస్తుందని చిత్తూరులో ఉండే బ్యాంకుకు తెలియదా? చెస్ట్ నుంచి ముందే ఎక్కువ తెప్పించుకోవచ్చు కదా. పెద్ద మొత్తమైతే ఒకరోజు ముందు ఫోన్ చేయమని తలుపు దగ్గర ఒక కాగితం అంటించినా గంటన్నర కూర్చునేవాణ్ని కాదు. ఆ రోజు లారీ ఆయన ఫోన్‌పేలో తీసుకున్నాడు, కూలీలకు తక్కువైంది మా బావ సర్దాడు. మర్నాడు పదకొండుకు మిగతా 2 లక్షల 20 వేలు ఇచ్చారు, అన్నీ 500 నోట్లే, మెషిన్‌లో రెండుసార్లు లెక్కపెట్టి.

మేడం ఓపికకు, క్యాషియర్ మర్యాదకు అయిదుకి మూడు స్టార్లు. జూలైలో మళ్లీ కోత ఉంది, ముందు రోజే ఫోన్ చేసి వెళ్తాను.