స్లొవాక్ ఆస్పెక్ట్‌తో తల పట్టుకున్నవాళ్ళకి: ష్తూర్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్ డిక్షనరీ రివ్యూ

ఇంగ్లీష్ మీడియంలో స్లొవాక్ నేర్చుకుంటున్న మనవాళ్ళు (స్లొవాకియాలోని నిత్రా కార్ల ఫ్యాక్టరీకి, బ్రాటిస్లావా ఐటీ ఆఫీసులకి వచ్చినవాళ్ళు ముఖ్యంగా) ఇంకో యాప్‌కి డబ్బులు కట్టేముందు ఒక్కసారి ఈ సైట్ చూడండి. స్లొవాక్ సైన్స్ అకాడమీలోని లుదొవీత్ ష్తూర్ భాషాశాస్త్ర సంస్థ వాళ్ళది, పూర్తిగా ఫ్రీ. చూడ్డానికి మాత్రం పాతకాలం సైటే, అందం అడక్కండి.

ఆస్పెక్ట్ గొడవేంటో తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో: స్లొవాక్‌లో చాలా పనులకి క్రియలు జంటగా ఉంటాయి. రాయడానికి పీసత్ ఉంది, నపీసత్ ఉంది. మొదటిది పని నడవడం గురించి, రెండోది పని పూర్తయిపోవడం గురించి. ఇక్కడిదాకా ఈజీ. తర్వాతే మొదలవుతుంది, పీషెమ్ అంటే రాస్తున్నా, నపీషెమ్ అంటే మాత్రం రాసేస్తా, అంటే ఇంకా రాయలేదన్నమాట, రూపం చూస్తే ప్రెజెంట్ టెన్స్‌లా ఉంటుంది అర్థం ఫ్యూచర్. పీసత్‌కి ఫ్యూచర్ కావాలంటే బుద్యెమ్ పీసత్ అనాలి, బుద్యెమ్ నపీసత్ అనేది అసలు లేదు. "మొదలుపెట్టా" అన్నాక కూడా పీసత్ మాత్రమే వస్తుంది. అంటే ఏ క్రియ ఏ పార్టీయో తెలీకపోతే ముందుకెళ్ళలేం.

ఈ సైట్ పనికొచ్చేది సరిగ్గా అక్కడే. క్రియ టైప్ చేస్తే పక్కనే దొక్. అనో నెదొక్. అనో ఉంటుంది, పూర్తయ్యేదా కాదా అని, చాలాసార్లు దాని జంట కూడా అక్కడే దొరుకుతుంది. "ముందు ప్రిఫిక్స్ ఉంటే పూర్తయినట్టే" అని చాలామంది చెప్పే షార్ట్‌కట్ ఎంత డేంజరో రెండు మూడు మాటలు వెతికితే తెలిసిపోతుంది. కూపిత్‌కి (కొనడం) ప్రిఫిక్స్ లేదు కానీ అది దొక్., దాని జంట కుపొవత్ నెదొక్. పొద్పిసొవత్‌కి (సంతకాలు పెట్టడం) ప్రిఫిక్స్ ఉంది, అయినా నెదొక్. తీసుకోవడానికైతే బ్రత్, వ్జియత్, ఒకదానికొకటి చుట్టరికమే కనపడదు. అబ్సొల్వొవత్ లాంటివి రెండు పార్టీల్లోనూ ఉంటాయి, అదీ రాసే ఉంటుంది.

ఒక్క సెర్చ్‌లో చాలా డిక్షనరీలు వరసగా వస్తాయి, కంగారుపడకండి. కింద 1959-68 మధ్య వచ్చిన ఆరు వాల్యూముల పాతది కూడా ఉంటుంది, సరదాకి చదవొచ్చు కానీ అందులో కొన్ని మాటలు ఇప్పుడు వాడరు. కొత్త పెద్ద డిక్షనరీ బాగా వివరంగా ఉంటుంది, కాకపోతే అక్షరాల వరసలో ఒక్కో వాల్యూమే వస్తోంది, నాలుగోది 2021లో వచ్చి పీ అక్షరం మధ్యలో ఆగింది. దాంతో నపీసత్ అందులో దొరుకుతుంది, ప్రెచీతత్ (చదివేయడం) లాంటి వాటికి 2003 నాటి చిన్న డిక్షనరీయే గతి. లేబుల్ వరకైతే అది చాలు.

మైనస్ ఏంటంటే అర్థాలన్నీ స్లొవాక్‌లోనే, కొత్తవాళ్ళకి పక్కన ట్రాన్స్‌లేటర్ ఉండాల్సిందే. ఇంకా పెద్ద మైనస్, ఏది ఎప్పుడు వాడాలో ఇది చెప్పదు, డిక్షనరీ కదా. "నెదొక్. అంటే ఇంగ్లీష్ కంటిన్యూయస్" అని గుడ్డిగా పెట్టుకుంటే "చీతల్ సి తూ క్నిహు?" దగ్గరే దొరికిపోతారు. అది "చదువుతూ ఉన్నావా" కాదు, మామూలుగా "ఆ పుస్తకం చదివావా" అని అడగడం, చదివినమాట నిజమేనా అని అంతే. "ప్రెచీతల్ సి" అంటే చదివేశావా, అయిపోయిందా అని. నిజానికి ఇక్కడ తెలుగే దగ్గర, మనకి చదివావా చదివేశావా తేడా పుట్టుకతో తెలుసు, ఇంగ్లీష్ మీదుగా తిరిగి రావడం ఎందుకో నాకర్థం కాదు. అన్నిచోట్లా ఇది అతకదు లెండి. ఉదాహరణకి కొను అంటే కూప్, కొనకు అంటే మాత్రం న్యెకుపుయ్, వద్దు అనగానే చాలావరకు నెదొక్. లోకి మారిపోతుంది, మళ్ళీ "మర్చిపోకు" మాత్రం న్యెజబుద్ని, అది దొక్. ఇలాంటివి టీచర్ దగ్గరో మనుషులతో మాట్లాడో పట్టుకోవాల్సిందే.

నా రేటింగ్ 5కి 4. ఏ2 లెవెల్ (భాష నేర్చుకునే స్థాయిల్లో ఏ1 మొదటి మెట్టు, ఏ2 రెండోది) దాటినవాళ్ళు కళ్ళు మూసుకుని బుక్‌మార్క్ చేసుకోవచ్చు, ఏ1లో ఉన్నవాళ్ళు ఒక నెలో రెండు నెలలో ఆగి రండి.