గంజాయి చట్టాలు: థాయిలాండ్, మలేషియా, సింగపూర్‌లలో ఏది మేలు?

థాయిలాండ్, మలేషియా, సింగపూర్ వరసగా ఒకదాని కింద ఒకటి ఉన్న దేశాలు. పట్టుబడిన గంజాయి అదే, తూకమూ అదే అయినా, ఏ దేశంలో దొరికారన్న దాన్ని బట్టి జరిమానాతో బయటపడవచ్చు, ఉరికంబమూ ఎక్కవచ్చు. మూడింటిలో ఏది మేలని అడిగితే నేను మలేషియా పేరే చెబుతాను. అదీ 2023 తర్వాతి మలేషియా.

ముందు సింగపూర్ సంగతి. 500 గ్రాములకు మించి గంజాయి రవాణా చేసినట్టు రుజువైతే అక్కడ మరణశిక్ష తప్పనిసరి. దగ్గర 15 గ్రాములు దాటి ఉంటే చాలు, అమ్మకానికే ఉంచుకున్నారని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసింది నిందితుడే. 2013 నుంచి ఒక మినహాయింపు అమల్లో ఉంది. నిందితుడు కేవలం సరుకు మోసినవాడే అయి, ముఠాలను ఛేదించడంలో గట్టిగా సాయపడ్డాడని ప్రభుత్వ న్యాయవాది ధ్రువపత్రం ఇస్తే, న్యాయమూర్తి జీవిత ఖైదు, బెత్తం దెబ్బలతో సరిపెట్టవచ్చు. నాకు మింగుడు పడనిది ఇదే. మనిషిని బతికించే అధికారం ముందుగా అభియోగం మోపిన పక్షం చేతిలోకి వెళ్లింది. ముఠాలో అట్టడుగున ఉన్న కూలివాడికి చెప్పడానికి పెద్దగా ఏమీ తెలియదు. నాలుగు పేర్లు తెలిసినవాడికే ఆ ధ్రువపత్రం దొరికే అవకాశం ఎక్కువ.

2023 ఏప్రిల్‌లో కిలోకు పైగా గంజాయి కేసులో ఒక వ్యక్తిని అక్కడ ఉరితీశారు. ఆ సరుకును ఆయన చేత్తో ముట్టలేదు. రవాణాను నడిపించాడన్నది అభియోగం. కొన్ని ఫోను నంబర్లు ఆయనవేనని తేల్చడం ఆ కేసుకు కీలకమైంది. ఇలాంటి కేసులో శిక్షను తగ్గించే వీలే లేని చట్టం న్యాయమూర్తిని ఉత్త బరువు చూసే తక్కెడగా మార్చేస్తుంది. కఠినత్వం వల్లే తమ దేశంలో వ్యసనం తక్కువని సింగపూర్ ప్రభుత్వం అంటుంది. తక్కువన్న మాట నిజమే. కానీ అది చిన్న ద్వీపం, గట్టి పోలీసు వ్యవస్థ, పకడ్బందీ సరిహద్దులు ఉన్న దేశం. వాటన్నిటినీ పక్కన పెట్టి ఘనతంతా ఉరితాడుకే కట్టబెట్టడం నాకు సమంజసంగా తోచదు.

థాయిలాండ్ పూర్తిగా అటువైపు చివరకు వెళ్లింది. 2018లో వైద్యానికి అనుమతించి, 2022 జూన్ 9న గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచే తీసేసింది. ఆ కేసుల్లో శిక్ష అనుభవిస్తున్న వేలాది మంది విడుదలయ్యారు. అది నిజంగా మంచి పని. అయితే అమ్మకాలను నియంత్రించే సమగ్ర చట్టాన్ని పార్లమెంటు చేయనే లేదు. బ్యాంకాక్ వీధుల్లో దుకాణాలు పుట్టుకొచ్చాక, 20 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు, బహిరంగంగా తాగి ఇబ్బంది పెడితే జరిమానా వంటి నిబంధనలు ఒక్కొక్కటిగా తెచ్చారు. 2025 జూన్‌లో వైద్యుడి చీటీ ఉంటేనే గంజాయి మొగ్గలు అమ్మాలన్నారు. సర్కారు మాట నమ్మి అప్పు చేసి దుకాణం పెట్టినవారి గతి ఏమిటి? శిక్ష తగ్గించినందుకు థాయిలాండ్‌ను మెచ్చుకుంటాను, ముందుచూపు లేనందుకు తప్పుపడతాను.

మలేషియాలోనూ ఒకప్పుడు రవాణాకు ఉరి తప్పనిసరి. 2018లో రోగులకు గంజాయి నూనె ఇచ్చిన ఒక యువకుడికి మరణశిక్ష పడితే, అప్పటి ప్రధాని మహతీర్ మొహమ్మదే దాన్ని పునఃపరిశీలించాలన్నారు. 2023లో తప్పనిసరి మరణశిక్షను ఎత్తివేశారు. ఇప్పుడు ఉరి వేయాలా, జీవిత ఖైదు విధించాలా అన్నది న్యాయమూర్తి నిర్ణయం. సింగపూర్‌లోలా ప్రభుత్వ న్యాయవాది ధ్రువపత్రం అక్కర్లేదు. అంతకుముందే శిక్ష పడినవారు కూడా పునఃపరిశీలన కోరుకునే దారి తెరిచారు. నా దృష్టిలో అసలు గొప్ప అదే. కొత్త నేరస్థులకు ఒక న్యాయం, పాత ఖైదీలకు ఒక న్యాయం అనలేదు.

అలాగని మలేషియాలో అంతా బాగుందని కాదు. 200 గ్రాములు, అంతకు మించి ఉంటే రవాణా కిందే లెక్క అన్న గీత ఇంకా అలాగే ఉంది. సింగపూర్‌లో ఉరికి పెట్టిన 500 గ్రాముల హద్దులో అది సగం కూడా కాదు. మరణశిక్ష కూడా పూర్తిగా పోలేదు. బెత్తం దెబ్బలూ పోలేదు.

ఈ దేశాల మధ్య తిరిగేవారు ఒకటి తెలుసుకోవాలి. సింగపూర్ పౌరులు, శాశ్వత నివాసులు బ్యాంకాక్‌లో గంజాయి తాగినా స్వదేశంలో నేరమే. పరీక్షలో బయటపడితే పదేళ్ల వరకు జైలు, 20,000 సింగపూర్ డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. బ్యాంకాక్ దుకాణంలో రసీదు ఇచ్చారన్న మాట సింగపూర్ కోర్టులో చెల్లదు.