700 రూపాయల ఓబీడీ స్కానర్: మూడేళ్లు వాడాక

బండి కంప్యూటర్‌కి ఉండే ఓబీడీ సాకెట్‌లో గుచ్చితే ఇంజిన్ లెక్కల్ని ఫోన్ యాప్‌లో చూపించే ఈ బ్లూటూత్ స్కానర్‌ని 2022లో కొన్నాను. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, నీలం ప్లాస్టిక్, లోపల ఈ పని చేసే ఈఎల్ఎం327 అనే చిప్‌కి నకలు. ఇదే డబ్బాను పది పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు రాయడం దండగ. నా బండి 2014 పెట్రోల్ స్విఫ్ట్. హెడర్ (ఇంజిన్ పొగ సులువుగా బయటికి పోయే గొట్టాలు), గట్టి సస్పెన్షన్ వేయించి అప్పుడప్పుడూ రేస్ ట్రాక్‌కి తీసుకెళ్తుంటాను. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై దగ్గర ట్రాక్ ఉన్న ఇరుంగాట్టుకోట్టైకి తెల్లవారుజామునే బయల్దేరాలి.

మొదటి రెండేళ్లు దీంతో పెద్ద పని పడలేదు. ఎవరి బండిలోనైనా చెక్ ఇంజిన్ లైటు వెలిగితే కోడ్ (లోపం ఏంటో చెప్పే నంబరు) చూసి చెప్పేవాణ్ణి, అంతే. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది.

ట్రాక్ మీద మూడు ల్యాపులు బ్రహ్మాండంగా తిరిగేది. నాలుగో ల్యాపులో, మూడో గేరులో 5,500 ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటగానే వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగినట్టు ఒక్క కుదుపు. అర సెకను కూడా ఉండదు, మళ్లీ మామూలే. లైటు వెలగదు, కోడ్ పడదు. ఊరికొచ్చాక ఎంత తిప్పినా రాదు. అలిపిరి దాటి ఘాట్ ఎక్కించినా రాదు. అక్కడ మూడు వేలు దాటితే కదా! రేణిగుంట రోడ్డులో మా మెకానిక్ అన్న ఒక రౌండు వేసొచ్చి, "బండి బంగారంలా ఉంది సామీ, నీకే లేనిపోని అనుమానం" అన్నాడు.

సరే, నడుపుతుండగా రీడింగులు లాగ్ (రికార్డు) చేద్దామని యాప్‌లో కనబడినవన్నీ టిక్ పెట్టేశాను, పది దాకా. ఈ స్కానర్‌తో వచ్చిన మొదటి చిక్కు ఇక్కడే. ఇది ఒక్కొక్కటిగా అడుగుతుంది. పది అడిగితే ఒక్కో రీడింగు మళ్లీ రావడానికి దాదాపు రెండు సెకన్లు. అర సెకను కుదుపు ఆ సందులోంచి జారిపోయింది. గ్రాఫు మాత్రం నున్నగా, అందంగా వచ్చింది.

తర్వాతిసారి మూడే పెట్టాను: ఆర్పీఎం, థ్రాటిల్ (గాలి తలుపు ఎంత తెరుచుకుందో), ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో). యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉన్నప్పుడు 0.85 వోల్టుల దగ్గర ఉన్న సెన్సర్, కుదుపు దగ్గర 0.1కి పడిపోయింది, అంటే పొగలో ఆక్సిజన్ ఎక్కువ మిగిలింది. పెట్రోలు చాలట్లేదని తేల్చేసి, ట్యాంకులో పంపు, ఫిల్టరు మార్పించాను. ఆరు వేలు వదిలింది. కుదుపు వదల్లేదు. స్కానర్ చూపింది నిజమే, నేను చదవడంలోనే తేడా. స్పార్క్ పడకపోయినా మండని ఆక్సిజన్ అలాగే బయటికొస్తుంది, సెన్సర్ దాన్ని కూడా "పెట్రోలు తక్కువ" అనే చూపిస్తుంది. ఇది తెలిసుంటే ఆ ఆరు వేలు మిగిలేవి. ప్లగ్గులు మార్చాను, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్స్ అటూ ఇటూ మార్చి చూశాను. ఉహూ.

చివరికి రెండే రెండు పెట్టాను, ఆర్పీఎం, వేగం. సెకనుకి నాలుగైదు రీడింగులు వచ్చాయి. రాత్రి ఇంట్లో ఫైలు తెరిచి వరుసలు కిందికి జరుపుతుంటే కనబడింది: 5,800, 5,900, 1,200, 5,800. వేగం మాత్రం 120 దగ్గరే, కదల్లేదు. గేరులో ఉండి, క్లచ్ తొక్కకుండా ఉంటే ఇంజిన్‌ని చక్రాలే తిప్పుతుంటాయి కదా, 1,200కి ఎలా పడుతుంది? ఇంజిన్ పడలేదు. దాని లెక్క ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి) అందలేదు. 6,000 దగ్గర క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెకనుకి వంద చుట్లు తిరుగుతుంది. అది ఎక్కడుందో తెలియని ఈసీయూ స్పార్క్ ఎప్పుడివ్వాలి, పెట్రోలు ఎప్పుడు కొట్టాలి?

ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఫోన్‌లో ఆ నాలుగు వరుసలే చూపించాను. ఆయన నేరుగా, ఆ చుట్ల లెక్క ఈసీయూకి పంపే క్రాంక్ సెన్సర్ వైరు వెతికాడు. హెడర్ వేసిన రోజు దాన్ని పక్కకి జరిపి, హెడర్‌కి మరీ దగ్గరగా ట్యాగ్ వేసి కట్టారు. వైరు మీది ప్లాస్టిక్ గొట్టం కరిగి అతుక్కుపోయింది. వైరు పట్టుకుని వంచితే లోపల పుటుక్కుమంది. వేడెక్కడానికి మూడు ల్యాపులు కావాలి, అదరడానికి 5,500 కావాలి. రెండూ కలిస్తేనే తెగి, మళ్లీ అంటుకునేది. కొత్త వైరు, వేడి తగలకుండా స్లీవు, అన్నీ కలిపి 350 రూపాయలు. ఆ తర్వాత మూడుసార్లు ట్రాక్‌కి వెళ్లాను, ఆ కుదుపు ఒక్కసారి కూడా రాలేదు.

ఇక స్కానర్ సంగతి. సాకెట్‌లో వదులుగా కూర్చుంటుంది. ట్రాక్ మీద రెండుసార్లు ఊడి కాళ్ల దగ్గర పడింది, పెడల్ కింద దూరితే ప్రాణం మీదికొస్తుంది, కట్టేసుకోవాల్సిందే. తీయకుండా వారం వదిలేస్తే బ్యాటరీ దిగింది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు నా బండిలో చదవలేదు. ఆ పని కూడా కావాలనుకునేవాళ్లు ఇంకాస్త పెట్టి మంచిది కొనుక్కోండి. నేనైతే ఇదే వాడుతున్నా. మే ఎండకి మూత ఒకవైపు లేచిపోయింది, రబ్బరు బ్యాండు వేశాను.