చెట్టు చూసి కల్లు తాగండి: ఖిలాషాపూర్ నుంచి తాడ్వాయి దాకా మూడు రోజులు

మా బావకు బీరంటే ప్రాణం. 2015లో తెలంగాణలో మైక్రోబ్రూవరీ నిబంధనలు వచ్చి, హైదరాబాదులో అక్కడికక్కడ బీరు తయారుచేసి పోసే చోట్లు మొదలయ్యాక ఆయన తిరగనిది లేదు. గోధుమ బీరులో అరటిపండు వాసన ఎక్కడిదో, నల్లబీరుకు కాఫీ రుచి ఎట్లా వస్తుందో కూర్చోబెట్టి చెప్తాడు. మొన్న ఫిబ్రవరి చివర్లో ఫోన్ చేసి, "మూడు రోజులు సెలవు పెట్టిన. మీ వరంగల్ దిక్కు కొత్త రకం బీరు ఏమన్న దొరుకుతదా బామ్మర్దీ?" అని అడిగాడు.

"మూడు రకాలు తాపిస్త రా బావా. ఒక్కటి కూడా కంపెనీది కాదు" అన్నాను.

ఇద్దరం తాగేవాళ్లమే కాబట్టి డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకున్నాం. ఈ దారిన వెళ్లేవాళ్లు ఇందులో మాత్రం పిసినారితనం చేయొద్దు. డ్రైవర్ ఖర్చు పెట్టలేకపోతే కల్లు సంగతి మరిచిపోయి గుళ్లు చూసి రండి.

పొద్దున 5 గంటలకే ఉప్పల్ దాటాం. భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగా రోడ్డు సాఫీగా ఉంది. రఘునాథపల్లి దగ్గర లోపలికి మళ్లితే ఖిలాషాపూర్. సర్వాయి పాపన్న ఊరు అది. కల్లు గీసే ఇంట పుట్టి, మొఘల్ ఏలుబడికి ఎదురు తిరిగి, 1708లో ఏకంగా వరంగల్ కోటనే కొట్టిన మనిషి. ఆయన కోట బురుజులు ఊళ్లో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. కల్లు యాత్ర మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఊరు దాటాక తాటివనం. కల్లుకు పొద్దుగాల వెళ్లాలని ఊరికే అనరు. రాత్రంతా లొట్టిలోకి, అంటే చెట్టుకు కట్టిన మట్టికుండలోకి, బొట్టుబొట్టుగా దిగిన కల్లు తెల్లారేసరికి తియ్యగా, సల్లగా ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ పులుపెక్కుతుంది. మేం వెళ్లేసరికి అరవై ఏళ్లు దాటిన గౌడ మామ కత్తులు పెట్టుకునే ముస్తాదు నడుముకు కట్టుకొని, చెట్టెక్కే తాడైన మోకును సర్దుకుంటున్నాడు. మోకును చెట్టు చుట్టూ తిప్పి, వీపును దానికి ఆన్చి, చేతులతో మోకును పైకి విసురుకుంటూ, పాదాలతో మొద్దును అదుముకుంటూ ఎక్కాడు. పైకెళ్లాక మట్టల మధ్య కూర్చొని, పూగెల కొసను కత్తితో తీశాడు. ఎంత పల్చగా అంటే, ఆ చెక్కు గాలికి తేలుతూ వచ్చి బావ భుజం మీద పడింది. అరచేతిలో పెట్టుకొని చూస్తే ఉల్లిపొరలాగా అవతలి వెలుతురు కనబడుతోంది. "మందంగ కోస్తె గెల తొందరగ అయిపోతది. పల్చగ కోస్తె నెలల తరబడి పారుతది" అని దిగాక చెప్పాడు.

అది పోతుతాడు, అంటే మగచెట్టు. కాయలు కాయదు, పూగెలల్నే గీస్తారు. లొట్టి దించి చెవి దగ్గర పెట్టుకొమ్మన్నాడు. లోపల సన్నగా చిటచిటమని చప్పుడు, నూనెలో ఆవాలు దూరంగా చిటపటలాడినట్టు. పైన తెల్ల నురగ, నురగలో నాలుగు తేనెటీగలు. పీచు అడ్డం పెట్టి వడపోసి, తాటాకు దొప్పలో పోశాడు.

బావ మొదటి గుక్క నోట్లోనే పట్టుకొని చాలాసేపు మింగలేదు. తర్వాత, "దీనికి ఈస్ట్ ఎవరు కలుపుతరు?" అన్నాడు. ఎవరూ కలపరు. గాలిలో, చెట్టు మీద, పాత లొట్టి లోపలి గోడకు అంటుకొని ఉన్న ఈస్ట్, బ్యాక్టీరియాలే తీపిని పులియబెడతాయి. అందుకే లొట్టిని సబ్బుతో తోమరు. పులవకూడదు, నీరాగానే ఉండాలి అనుకుంటే లోపల సున్నం పూస్తారు. హైదరాబాదు బ్రూవరీల్లో ట్యాంకు చల్లదనం ఒక్క డిగ్రీ మారకుండా మిషన్లు కాపలా కాస్తాయి. ఇక్కడ ఆ పని మామ ముక్కు, నాలుక చేస్తున్నాయి. ఏ లొట్టి ఎంత పులిసిందో వాసన చూసి చెప్పి, మాకు తియ్యటిది ఒకటి, కాస్త ఘాటుది ఒకటి వేరుగా పోశాడు. పక్క చెలకలో ఈతచెట్లు కూడా ఉన్నాయి. ఈత కల్లు చలికాలపు సరుకు, మాకు దొరికింది ఆ ఏటి చివరి కల్లు. తాటి కల్లు కంటే తేలిక, నాలుక మీద నిలవదు. నాకు ఈతే ఇష్టం, బావ తాటి దిక్కు.

నంజుకోవడానికి ఉడకబెట్టిన బొబ్బర్ల గుడాలు, ఎండుమిరపకాయ వేసి పోపు పెట్టినవి. ఖాళీ కడుపుతో తాగొద్దని మామే ముందు అవి చేతికిచ్చాడు. కూర్చోవడానికి తాటాకుల నీడ, ఒక నులకమంచం. మరుగుదొడ్డి లేదు, కుటుంబంతో వెళ్లేవాళ్లు ఆలోచించుకోవాలి. లీటరున్నర సీసా 100 రూపాయలు. ఒకటి వెంట తీసుకెళ్తామంటే, మూత గట్టిగా బిగించొద్దని రెండుసార్లు చెప్పాడు. కల్లు సీసాలో కూడా పులుస్తూనే ఉంటుంది, గాలి బయటికి పోయే దారి లేకపోతే సీసా పగులుతుంది.

హనుమకొండలో దిగిన లాడ్జి మాత్రం నిరాశే. ఫోన్‌లో చూపించిన గది వేరు, ఇచ్చిన గది వేరు. వేడినీళ్లు పొద్దున 6 నుంచి 7 వరకేనట, ఆ మాట డబ్బులు కట్టాక చెప్పారు. బస్టాండుకు దగ్గర అన్న ఒక్క సుగుణం తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇంకోసారైతే గది కళ్లారా చూశాకే డబ్బు కడతాను. సాయంత్రం వెయ్యిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు గట్టు. రాత్రి ఒక చిన్న హోటల్లో సర్వపిండి, బియ్యప్పిండి రొట్టె. మందపాటి గిన్నెకు అద్ది కాల్చిన సర్వపిండి అంచు కరకరలాడుతూ, నడుమ మెత్తగా ఉంది. వరంగల్ వచ్చి బిర్యానీ తినేవాళ్లు ఒక్కపూట దీనికి కేటాయించండి.

ఇక మొత్తం యాత్రలో నన్ను బాగా బాధపెట్టిన సంగతి. ఆ రాత్రే, పొద్దున తాగిన రుచి మళ్లీ కావాలని బావ పట్టుబడితే, ఊరి చివర ఒక కల్లు దుకాణానికి వెళ్లాం. చుట్టుపక్కల ఒక్క చెట్టు లేదు. రాత్రి 8 గంటలకు కూడా కల్లు చక్కెర నీళ్లలాగా తియ్యగా ఉంది. పొద్దుటి కల్లు రాత్రికి పులవకుండా ఉండడం ఎక్కడైనా ఉంటుందా? రెండు గుక్కలకే నాలుక మీద చేదు తీపి అంటుకొని వదల్లేదు. నేను అక్కడే ఆపేశాను. బావ గ్లాసు పూర్తి చేసి మర్నాడు 10 దాకా తల ఎత్తలేకపోయాడు. అందులో ఏం కలిసిందో నేను రుజువు చేయలేను. కానీ అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తెలంగాణలో ఎన్నోసార్లు పట్టుబడింది, ప్రాణాలు కూడా తీసింది. దానికి అలవాటు పడ్డవాళ్లు ఒక్కరోజు మానితే చేతులు వణికి, పిచ్చిగా మాట్లాడి ఆసుపత్రి పాలవుతారు. గౌడ మామ నలభై ఏళ్లుగా ప్రాణాలొడ్డి దించే కల్లుకు, ఈ మందునీళ్లకు ఒకటే పేరు ఉండడం అన్యాయం. నేను అడిగేది ఒక్కటే ప్రశ్న: "ఏ చెట్టు కల్లు ఇది?" చెట్టు చూపించలేకపోతే సీసా ముట్టను.

రెండో రోజు ఆలస్యంగా బయల్దేరి ములుగు మీదుగా రామప్ప చేరాం. 1213 నాటి ఆ గుడి గురించి, 2021లో వచ్చిన యునెస్కో గుర్తింపు గురించి చాలామంది రాశారు. నేను చెప్పేది ఒక్కటే, మధ్యాహ్నం ఎండలో వెళ్లి మాలాగా కాళ్లు కాల్చుకోవద్దు. ఆ రాత్రి లక్నవరం. వేలాడే వంతెన దాటి దీవి మీద కాటేజీ. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే నీళ్లే. శని, ఆదివారాల్లో గది దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోవాలి. ఆ రాత్రి చుక్క ముట్టలేదు. చేపల వేపుడు తిని, చెరువు చప్పుడు వింటూ పడుకున్నాం. ముందురాత్రి లాడ్జిలో పోయిన నిద్ర ఇక్కడ దొరికింది.

మూడో రోజు తెల్లవారకముందే తాడ్వాయి అడవి దారి పట్టాం. మా డ్రైవర్‌కు తెలిసిన కోయగూడెం ఒకటి ఉంది. అడగకుండా గూడెంలోకి వెళ్లడం మర్యాద కాదు, తెలిసినవాళ్ల ద్వారా కబురు పెట్టే వెళ్లండి. జీలుగుచెట్టును బావ అదే మొదటిసారి చూడడం. చేపతోక లాంటి ఆకులు, జడల్లాగా వేలాడే పూగెలలు. చెట్టుకు వెదురు బొంగు ఆనించి కట్టి ఉంది, దాని కణుపుల మీద కాలు పెట్టి ఒక అన్న చకచకా ఎక్కాడు. పైనుంచి తాడుతో దించిన కుండ నిండా ఉంది. "ఒక్క చెట్టు కల్లు మా వాడ మొత్తానికి సరిపోతది" అన్నాడు. జీలుగుది వింత బతుకు. ఏళ్ల తరబడి పూయకుండా పెరిగి, పూత మొదలయ్యాక పైగెల నుంచి కిందిగెల దాకా వరసగా పూసి, చివరి గెలతో చెట్టే చచ్చిపోతుంది. పారుతున్న చెట్టు ఎన్ని ఏళ్లు ఉంటుందో ఆ ఇంటివాళ్లకు లెక్క తెలుసు.

రుచి? తాటి కల్లుకు లేని మెత్తదనం ఉంది. పచ్చి కొబ్బరినీళ్లు కొద్దిగా పులిస్తే ఎట్లా ఉంటాయో అట్లా మొదలై, చివర్లో చిన్న వగరు తగిలింది. మూడింటిలో దీనికే నా ఓటు. దూరం ఎక్కువ, దారి తెలిసిన మనిషి కావాలి, అయినా వెళ్లదగ్గది. బావ డబ్బులివ్వబోతే అన్న మొహమాటపడ్డాడు, ఇంట్లో పిల్లల చేతిలో పెట్టి వచ్చాం. ఇప్పపువ్వు రాలే రోజుల్లో మళ్లీ రమ్మన్నారు, ఇంకో నెలకు అడవంతా ఆ వాసనే అని.

తిరుగుదారిలో, వరంగల్ దాటాక, బావే కారును మళ్లీ ఖిలాషాపూర్ దిక్కు తిప్పించాడు. మొదటిరోజు పొద్దుటి కల్లు తాగాం గానీ అదే చెట్టు సాయంత్రం కల్లు ఎట్లా ఉంటుందో చూడాలట. మేం వెళ్లేసరికి మామ తాటిచెట్టు మీదే ఉన్నాడు.

"మామా, లొట్టి దించుతవా?" అని బావ కిందినుంచి కేకేశాడు.

"ఇంక నిండలే బిడ్డా. గంట ఆగుండ్రి" అన్నాడు పైనుంచి.

నులకమంచం వాల్చుకొని కూర్చున్నాం.