లాన్‌లో తుంగ మీద హాలోసల్ఫ్యూరాన్ – కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తానండీ, హాలోసల్ఫ్యూరాన్ అనే ఈ కలుపు మందు బాగా పనిచేస్తుంది, కాకపోతే మీ లాన్‌లో లేచింది తుంగ అయితేనే. వేరే గడ్డి మీద కొడితే డబ్బులు దండగ. అందుకే మందు సంగతి కంటే ముందు ఆ గడ్డి ఏంటో తేల్చుకోవడం గురించి కాస్త ఎక్కువ రాస్తున్నా, తొందరలో ఉన్నవాళ్ళు కూడా ఆ భాగం మాత్రం వదిలేయకండి ప్లీజ్.

మాది హైదరాబాద్ శివార్లలో ఇండిపెండెంట్ ఇల్లు, ముందు ఒక వంద గజాల లాన్. వేసింది నర్సరీల్లో మెక్సికన్ గ్రాస్ అని అమ్మేది. మెక్సికన్, కొరియన్ అని మన దగ్గర అమ్మేవి ఎక్కువగా జోయిసియా రకాలే, సన్నగా ఒత్తుగా దుప్పటి పరిచినట్టు పెరుగుతాయి. మొదటి వానాకాలం వచ్చేసరికి దాని మధ్యలోంచి వేరే గడ్డి లేవడం మొదలైంది, నిగనిగలాడుతూ లేత పచ్చగా, కోసిన రెండు మూడు రోజులకే చుట్టూ ఉన్న గడ్డి కంటే బెత్తెడు పైకి. పక్కింటి ఆంటీ అయితే ఇదేదో కొత్త రకం భలే పచ్చగా ఉందే అన్నారు. మా మాలి వచ్చినప్పుడల్లా ఖుర్పీతో లాగేసేవాడు, మళ్ళీ వారానికి అదే చోట ఒకటికి మూడు. ఊరి నుంచి నాన్న వచ్చి ఒక మొక్క పీకి కాడని వేళ్ళ మధ్య తిప్పి చూసి ఒకటే మాట, "ఇది తుంగరా, పీకితే పోయేది కాదు."

ఆయన చేసిన ఆ పనే అన్నిటికంటే నమ్మకమైన టెస్టు. కాడని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి దొర్లించండి. గడ్డి జాతి అయితే కాడ గుండ్రంగానో కాస్త చదునుగానో ఉండి సాఫీగా దొర్లుతుంది, లోపల బోలుగా ఉంటుంది, మధ్యమధ్యలో కణుపులు తగుల్తాయి. తుంగ కాడ మూడు పలకలు, అంచులు వేలికి స్పష్టంగా తెలుస్తాయి, కణుపులుండవు, లోపల గట్టిగా ఉంటుంది. ఆకులు కూడా మొదట్లోంచి మూడు వైపులకి వస్తాయి, మామూలు గడ్డికి రెండు వైపులకే. ఇంకా అనుమానం ఉంటే చిన్న తవ్వుకోలతో జానెడు లోతు తవ్వి మట్టితో సహా పైకి తీయండి, నల్లటి గడ్డలు సన్నటి వేళ్ళతో ఒకదానికొకటి గొలుసుగా అతుక్కుని కనిపిస్తాయి. ఒకటి చితిపి వాసన చూడండి, సున్నిపిండిలో వేసే తుంగముస్తల వాసన వస్తుంది, ఎందుకంటే అవి ఇవే. పూత వచ్చాక ముదురు గోధుమ, ఊదా కలిసిన కంకులు వస్తాయి. పసుపు కంకులు వచ్చే ఇంకో తుంగ కూడా ఉంది, దాని గడ్డలు గొలుసుగా ఉండవు, ఒక్కో వేరు చివర ఒక్కోటి ఉంటుంది.

ఫోన్ యాప్‌ల గురించి అడుగుతారేమో, పూత ఉన్న మొక్కని ఫోటో తీస్తే చాలావరకు కరెక్టే చెప్తున్నాయి, ఉత్త ఆకులు తీస్తే మాత్రం ఒకసారి గరిక అని, ఇంకోసారి ఇంకేదో అని చెప్తాయి. నేనైతే ఫోటో కంటే వేలినే నమ్ముతాను.

తుంగ కాకుండా మన లాన్‌లలో మామూలుగా లేచేవి ఇంకో మూడు నాలుగు ఉన్నాయి. నేలకి అంటుకుని పళ్ళెంలా పరుచుకుని మొదలు దగ్గర తెల్లగా మెరుస్తూ రాగి కంకి పోలికలో వేళ్ళు విచ్చుకున్న కంకులొస్తే అది వేరే గడ్డి, వేరు గట్టిగా ఉంటుంది గానీ గడ్డలుండవు, వాన పడ్డ మర్నాడు మొదలంటా లాగేస్తే పోతుంది. ఊద కూడా అంతే, విత్తనం రాలకముందే పీకేయాలి. గరిక వచ్చి జోయిసియాలో కలిసిందంటే దాన్ని విడదీయడం చాలా కష్టం, రెండూ గడ్డి జాతులే కాబట్టి ఒకటి చచ్చి ఒకటి బతికే మందు దొరకడం కష్టం, చిన్న పాచ్ అయితే మట్టితో సహా తీసేసి కొత్త ముక్క వేసుకోవడమే మంచిది. మూడు పలకల కాడ ఉండి పైన చిన్న పచ్చటి గుండు లాంటి పువ్వు, కింద గడ్డలు లేకపోతే అది కిల్లింగా, తుంగకి చుట్టం, నీళ్ళు ఎక్కువ పెట్టే లాన్లలో వస్తుంది.

ఇక తుంగ పీకితే ఎందుకు పోదంటే, గొలుసులో పై గడ్డ మొలకెత్తి ఉన్నంతకాలం కిందివి నిద్రలో ఉంటాయి, పైదాన్ని లాగేస్తే ఆ కిందివి లేస్తాయి. అంటే మనం పీకుతూ ఎక్కువ మొక్కల్ని లేపుతున్నాం. ఎక్కువ గడ్డలు పై పదిహేను సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి, ఖాళీ స్థలమైతే ఎండాకాలంలో తిరగేసి ఎండబెడితే చాలా వరకు చస్తాయి, వేసిన లాన్‌ని అలా తిరగేయలేం కదా. లాన్ వేసేముందు కొట్టే పెండిమెథాలిన్ లాంటి కలుపు మందులు విత్తనం నుంచి మొలిచే వాటికి పనికొస్తాయి, తుంగ గడ్డ నుంచి లేస్తుంది కాబట్టి దాన్ని ఆపలేవు. ఏ మొక్కనైనా చంపే గ్లైఫోసేట్ అనే కలుపు మందు అయితే తుంగతో పాటు లాన్‌ని కూడా చంపేస్తుంది, పైగా 2022 అక్టోబర్‌లో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది, ఇంట్లో మనం కొట్టే మందు కాదది.

అలా వెతికితే దొరికింది హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం డబ్ల్యుజి, అంటే నీళ్ళలో కలిపి కొట్టే గుళికల మందు. మన దగ్గర ఇది చెరకు లాంటి పంటల్లో తుంగకి అమ్ముతారు, ప్యాకెట్ మీద లాన్ అని రాసి ఉండదు, ఈ విషయం తెలిసే కొనండి. అమెరికాలో ఇదే మందుని జోయిసియా, బెర్ముడా లాన్లకి లేబుల్ వేసి ఎప్పట్నుంచో అమ్ముతున్నారు. అయినా సరే నేను ముందు గోడ పక్కన ఒక మంచమంత చోటులో కొట్టి చూసుకున్నాకే మిగతాది మొదలుపెట్టా, మీరూ అలాగే చేయండి.

డోసు విషయంలో జాగ్రత్త. ఎకరాకి 36 గ్రాములు, అంటే 4840 గజాలకి. ఆ లెక్కన వంద గజాలకి వచ్చేది ముప్పావు గ్రాము! చెంచాతో, చిటికెతో కొలిచేది కాదు, గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా కొనుక్కోండి, బంగారం తూచేలాంటిది. నీళ్ళు నాకు మూడు నుంచి నాలుగు లీటర్లు పట్టాయి, ఎంత పడతాయో తెలియాలంటే ముందు ఉత్త నీళ్ళు పోసి లాన్ అంతా ఒకసారి కొట్టి చూసుకోండి. జిగురు మందు, అదే షాపులో స్టిక్కర్ అని అడిగితే ఇస్తారు, అది కలపాల్సిందే, ఎందుకంటే తుంగ ఆకు నున్నగా మైనం పూసినట్టు ఉంటుంది, ఉత్త నీళ్ళు నిలవవు, జారిపోతాయి. గులాబీలకి పురుగుమందు కొట్టే పంపుని దీనికి వాడొద్దు, విడిగా ఒకటి పెట్టుకోండి. గాలి లేని పొద్దున పూట కొట్టండి, పూలమొక్కల మీద, కూరగాయల మడి మీద అస్సలు పడకూడదు. గ్లోవ్స్, మాస్కు మామూలే, పిల్లల్ని, కుక్కని తడి ఆరేదాకా లాన్ మీదకి రానివ్వకండి.

తుంగ మూడు నుంచి అయిదు ఆకుల మీద బాగా పెరుగుతున్నప్పుడు కొట్టాలి. మందు ఆకులోంచి గడ్డకి దిగాలి, ఆకే లేకపోతే ఎలా దిగుతుంది? అందుకే కొట్టడానికి రెండు రోజుల ముందు, తర్వాత రెండు రోజులు లాన్ కోయొద్దు. కొట్టాక నాలుగు గంటలు వాన పడకుండా ఉండాలి, మన జూన్ జూలైల్లో ఆ నాలుగు గంటల కోసం ఆకాశం చూస్తూ కూర్చోవడమే పెద్ద పని.

ఇక రిజల్ట్. మొదటి వారం ఏమీ కనపడదు. చాలామంది ఇక్కడే మందు నకిలీది అనుకుని మళ్ళీ కొడతారు, దయచేసి కొట్టకండి. ఇది మొక్కలో పెరుగుదలకి కావాల్సిన ఒక ఎంజైమ్‌ని ఆపుతుంది, మొక్క ఎదగడం వెంటనే ఆగిపోతుంది గానీ చావడం నెమ్మది. రెండో వారంలో ఆకు పసుపెక్కుతుంది, మూడు నాలుగు వారాలకి గోధుమ రంగు తిరిగి వాలిపోతుంది. మా జోయిసియా కొన్నాళ్ళు కాస్త లేత రంగుకి వచ్చి మళ్ళీ మామూలైపోయింది. ఆ సీజన్లోనే నిద్రలో ఉన్న గడ్డలు కొన్ని లేచాయి, రెండు నెలల గ్యాప్ తర్వాత వాటి మీద మాత్రమే ఇంకోసారి కొట్టా. రెండో ఏడాది బాగా తగ్గింది, ఇప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి, బ్రష్‌తో పూస్తే సరిపోతోంది. పూర్తిగా పోయిందా అంటే లేదు, ఒక్కసారితో పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మైనస్‌లు కూడా చెప్పాలి. చిన్న లాన్‌కి ఎకరా ప్యాకెట్ చాలా ఎక్కువ, ఖరీదూ ఎక్కువే, కుదిరితే కాలనీలో ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కోండి, మిగిలింది ఆ ప్యాకెట్లోనే గాలి తగలకుండా మూసి తాళం వేసిన చోట పెట్టండి. కిల్లింగా మీద కూడా పనిచేస్తుంది, గరిక, ఊద లాంటి గడ్డి జాతుల మీద మాత్రం దీనితో లాభం లేదు.

మందు కాకుండా నాకు బాగా తేడా కనిపించింది నీళ్ళ దగ్గర. కుళాయి కారే మూల, స్ప్రింక్లర్ నీళ్ళు నిలిచే పల్లంలో తుంగ ఎప్పుడూ ఎక్కువే ఉండేది. ఆ లీకు బాగు చేయించి, పల్లం పూడ్పించి, రోజూ తడపడం మానేసి రెండు మూడు రోజులకోసారి లోతుగా తడపడం మొదలుపెట్టాక అక్కడ జోయిసియా ఒత్తుగా అల్లుకుంది, తుంగకి నీడ పడదు కాబట్టి ఆ ఒత్తు కింద పెద్దగా లేవట్లేదు.

కొత్తగా లాన్ వేయించుకునేవాళ్ళకి ఒక్క మాట, ఈ గడ్డలు ఎక్కువగా వచ్చేది బయటి నుంచి తెచ్చే ఎర్రమట్టిలో, లాన్ షీట్ల కింద అంటుకున్న మట్టిలో. లోడు దింపించుకునే ముందే రెండు మూడు చోట్ల నుంచి మట్టి తీసుకొచ్చి ఒక ట్రేలో పోసి తడిపి ఎండలో పెట్టండి. తుంగ ఉంటే వారం పది రోజుల్లో మొలకలు సూదుల్లా పైకి వస్తాయి. వస్తే ఆ మట్టి వద్దని చెప్పేయండి.