లాప్ చోంగ్ ప్యాకెట్: అన్నం ఆవిరిలోనే దీని అసలు రుచి

గాలి తీసేసిన ప్యాకెట్‌లో వచ్చే ఈ కాంటనీస్ (దక్షిణ చైనా) ఎండు సాసేజ్ నాకు చాలా నచ్చింది. పంది మాంసం, కొవ్వు, చక్కెర, సోయా సాస్, గులాబీ సువాసన ఉన్న మద్యం కలిపి ఆరబెట్టినది కాబట్టి నాలుకకు ముందు తగిలేది తీపే. తీపి మాంసం గిట్టనివారు కొనకపోవడమే మంచిది. గట్టిగా కనిపించినా ఇది పచ్చిదే, తప్పనిసరిగా వండాలి.

నేను వీటిని గోరువెచ్చని నీటితో కడిగి, అన్నంలో నీరు ఇంకిపోయే వేళకు కోయకుండానే పైన పరిచి మూత పెడతాను. 15 నిమిషాల్లో కొవ్వు అద్దంలా మెరుస్తుంది, కారిన నూనె ప్రతి మెతుకుకూ పడుతుంది. గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్‌లలో చేసే మట్టికుండ అన్నానికి ఆ కమ్మదనం ఇలాగే వస్తుంది. ఉడికాకే ఏటవాలుగా, పలుచగా కోయాలి. వేయించాలనుకుంటే సన్నని మంట మీద కాసిని నీళ్లతో మొదలుపెట్టండి, లేకపోతే చక్కెర వల్ల ఇట్టే మాడిపోతుంది.

నిల్వ సూచనలు మరీ చిన్న అక్షరాల్లో ఉండటం ఒక్కటే నచ్చలేదు. తెరిచాక గాలి తగలకుండా చుట్టి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని వారాలు, ఫ్రీజర్‌లో కొన్ని నెలలు ఉంటుంది. జిగురు గానీ పుల్లని వాసన గానీ వస్తే పారేయండి. కాలేయం కలిపిన ముదురు రంగు రకం కూడా దొరుకుతుంది, దాని రుచి మరింత గాఢం.