ఇంటికొచ్చి కచేరీ చేసే ముగ్గురు పిల్లలు – బుక్ చేసుకునేవాళ్ళ కోసం నా రివ్యూ

సూటిగా చెప్పేస్తా, 5కి 4 ఇస్తున్నా, ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద రాశా. హైదరాబాద్‌లో ఒక ముగ్గురు ఇళ్ళకొచ్చి కర్ణాటక కచేరీ చేస్తున్నారు, గాత్రం అమ్మాయి, వయొలిన్ మృదంగం అబ్బాయిలు, అందరూ పాతికేళ్ళ లోపే. షష్టిపూర్తి, గృహప్రవేశం, సీమంతం, ఏ ఫంక్షనైనా సరే, గంటన్నరకి 25,000, సగం ముందే పంపాలి. మా నాన్నగారి షష్టిపూర్తికి సాయంత్రం ఇంట్లో పెట్టించాం. రేటు విని మా బాబాయి "పాటకి పాతిక వేలా" అన్నాడు, ఆయన కొడుకు పెళ్ళిలో డీజేకి ఎంతిచ్చారో నాకు తెలుసు కాబట్టి నేనేం మాట్లాడలా.

బుకింగంతా వాట్సాప్‌లోనే. అడ్వాన్స్ పంపగానే ప్రశ్నలు మొదలు, హాలు ఎంతుంటుంది, ఎంతమందొస్తారు, కింద కూర్చోలేని పెద్దవాళ్ళకి కుర్చీలున్నాయా, ఏసీ ఉందా. ఏసీ గురించి మరీ పట్టుదల, వేస్తే ముందునుంచీ వేసే ఉంచండి లేదంటే అసలొద్దు, మధ్యలో వేసి తీస్తుంటే మృదంగం శ్రుతీ వయొలిన్ తీగలూ రెండూ జారిపోతాయి అన్నారు. ఇదంతా మొదట చాదస్తం అనిపించింది గానీ వాళ్ళు దీన్ని ఒక పనిలా పద్ధతిగా చేస్తున్నారని అక్కడే అర్థమైంది.

ఇక ఆ రోజు గంట ముందే దిగారు. మృదంగం అబ్బాయి వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి "ఆంటీ, బొంబాయి రవ్వ ఓ రెండు చెంచాలు ఇస్తారా" అన్నాడు, మా అమ్మేమో పాపం ఆకలేస్తోంది కాబోలు అనుకుని "కూర్చో నాన్నా, ఐదు నిమిషాల్లో ఉప్మా చేసిపెడతా" అని మూకుడు పెట్టబోయింది. ఆ రవ్వ తినడానికి కాదు, నీళ్ళతో ముద్దలా కలిపి మృదంగం ఎడమవైపు మధ్యలో అద్దడానికి. కాస్త అద్దడం, అరచేత్తో కొట్టి వినడం, చాలకపోతే ఇంకాస్త, అలా ఆ గుమ్మ్ అనే మంద్రం దిగేదాకా కూర్చున్నాడు. కుడివైపు నల్లగా గుండ్రంగా ఉండేది ఎప్పుడూ ఉండేదే గానీ ఈ రవ్వ మాత్రం కచేరీకి కచేరీకి కొత్తగా పెట్టి, అయ్యాక తీసేయాలట. మా అపార్ట్‌మెంట్ పిల్లలంతా చుట్టూ మూగితే విసుక్కోకుండా ఒక్కొక్కళ్ళ చేతా ఒక దెబ్బ కొట్టించాడు.

కచేరీ మొదట్లో పాడే వర్ణంతో మొదలుపెట్టి, తర్వాత హంసధ్వని, బేగడ రాగాలు, బేగడ బాగా పాడింది అమ్మాయి, ఆ వయసుకి ఆ నిదానం ఎక్కడిదో. కానీ అందరూ ఇప్పటికీ చెప్పుకునేది మోహన రాగం దగ్గర చేసినది. మోహనలో ఉండేవి ఐదే స్వరాలు కదా, శ్రుతి మార్చకుండా అందులో రిషభాన్ని (రి) షడ్జమం (స) అనుకుని అవే స్వరాలు పాడితే మధ్యమావతి అనే వేరే రాగం అయిపోయింది, గాంధారం మీద నిలబడితే హిందోళం, పంచమం మీద శుద్ధసావేరి, ధైవతం మీద శుద్ధధన్యాసి. గ్రహభేదం అంటారు దీన్ని. తెలిసినవాళ్ళకి పాత విషయమే గానీ, సంగీతం అంటే టీవీలో పాటల పోటీలే అనుకునే మా మరదలు కూడా ఫోన్ పక్కన పెట్టేసి వింది. సంగీత సభల్లో ఇలా ఆగి విడమర్చి చెప్పరు, చెప్తే పక్కన కూర్చున్న రసికులు ఊరుకోరు.

మరి ఒక మార్కు ఎందుకు కోశానంటే, ఒకటి, మాటలు ఎక్కువయ్యాయి. గ్రహభేదం లాంటిది చెప్తే సరే, ప్రతి పాటకీ ముందు ఐదు నిమిషాలు ఉపోద్ఘాతం, అదీ సగం ఇంగ్లీషులో, ఎదురుగా కూర్చున్న మా నాయనమ్మకి ఎందుకమ్మా. రెండు, మా ఫ్లాట్ హాలుకి మైకూ స్పీకరూ అవసరమే లేదు, తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే వాయించేటప్పుడు, అద్దాలు అదిరాయి, పక్క ఫ్లాట్‌వాళ్ళు తలుపు కొట్టారు (తర్వాత వాళ్ళూ వచ్చి కూర్చున్నారనుకోండి). మూడు, మంగళం పాడీ పాడగానే టిప్పుల కోసం క్యూఆర్ కోడ్ కార్డు అందరి మధ్యా తిప్పారు. డబ్బు అడగడం తప్పని నేననను, ముందే మాట్లాడుకున్న ఫీజు ఇచ్చాక చుట్టాల ముందు మళ్ళీ కార్డు తిప్పితే పిలిచినవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది, అంతే. ఇది వాళ్ళకి కూడా చెప్పా, సరేనండీ అన్నారు.

టిఫిన్ల దగ్గర మాటల్లో పడితే తెలిసింది, అమ్మాయికి ఆకాశవాణిలో పాడేవాళ్ళకిచ్చే గ్రేడుల్లో బీ-హై ఉంది, అయినా దాని మీద ఇల్లు గడవదు. తెల్లారుఝామున ఐదింటికి లేచి అమెరికాలో పిల్లలకి జూమ్‌లో క్లాసులు, వాళ్ళకప్పుడు సాయంత్రం కాబట్టి. వయొలిన్ అబ్బాయి కూచిపూడి అరంగేట్రాలకి వాయిస్తాడు, అందులోనే కాస్త గట్టిగా వస్తాయట. చెన్నైలో డిసెంబర్ కచేరీల సీజన్‌లో కుర్రవాళ్ళకిచ్చేది మధ్యాహ్నం ఎండవేళ స్లాటు, టికెట్ ఉండదు, చేతికొచ్చేది రైలు ఛార్జీలకే చాలదు, ఐనా మానకూడదు, అక్కడ పాడామని బయోడేటాలో ఉంటేనే ఇంకెవరైనా పిలుస్తారు అంది. యూట్యూబ్ సంగతి అడిగితే ముగ్గురూ నవ్వారు. సొంత గొంతుతో త్యాగరాజ కృతి పాడి పెడితే, ఎప్పుడో క్యాసెట్ వేసిన ఏదో కంపెనీ పేరు మీద కాపీరైట్ క్లెయిమ్ వచ్చిందట, త్యాగరాజు పోయింది 1847లో! కంప్యూటర్ పోల్చుకుని వేసే క్లెయిమే, అప్పీల్ చేస్తే పోతుంది, కానీ అది తేలేలోపు చూసేవాళ్ళు చూసేస్తారు.

అందుకే ఈ ఇంటి కచేరీలు పెట్టుకున్నారు. శాలువా కప్పి ప్రసాదం ప్యాకెట్ చేతిలో పెట్టి పంపించే పిలుపులకి వెళ్ళడం మానేశారట, మంచి పని చేశారు. క్యాటరింగ్ వాడి దగ్గర ప్లేటుకి పది రూపాయలు కూడా తగ్గించుకోలేని మనం పాడేవాళ్ళ దగ్గరకొచ్చేసరికి "మా ఇంట్లో పిల్లలనుకుని రండమ్మా" అంటాం.

ఎవరు పెట్టించుకోవచ్చంటే, ఓ ముప్పై నలభై మంది, కాస్త కుదురుగా కూర్చునే జనం ఉంటే హాయిగా పెట్టించుకోండి. భోజనాలు నడుస్తుండగా వెనకాల వినిపించడానికైతే వద్దు, వాళ్ళూ ఒప్పుకోరు, వడ్డన మొదలైతే ఆపేస్తామని ముందే రాసిస్తారు. సినిమా పాటలు చివర్లో రెండంటే రెండే, అవీ రాగం చెప్పి పాడతారు. మైకు వద్దని మీరే ముందుగా చెప్పండి, మాటలు తెలుగులో అని కూడా. పాడేముందు ఏమీ తినరు, తర్వాత మాత్రం బాగా తింటారు, ఇడ్లీలు లెక్కగా తెప్పించకండి. డిసెంబర్ మధ్య నుంచి జనవరి మొదటి వారం దాకా అడగొద్దు, ముగ్గురూ చెన్నైలోనే ఉంటారు.